ఊపిరితిత్తులు, మూత్రపిండములు : రక్తమున కలుగు మార్పులు

కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగరమునకు పోవు త్రోవలో కనుచూపు మేర నల్లరేగడి నేలయే. తమిళులు దీనిని కరిసల్ భూమి యందురు. జీవనదులు లేని మెట్టసీమ యిది. ఈశాన్య ఋతుపవనము తెచ్చు వానలే దీనికి ముఖ్యాధారము. శతాబ్దములకు పూర్వము ఉత్తరమునుండి వలసవచ్చిన తెలుగువారు ఈ నేలను సాగుచేసి ప్రత్తిని, జొన్నను, సజ్జను పండించిరి. ఆ వలసకథను కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలగా వ్రాసిరి. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఇంట తెలుగును, బడిలో తమిళమును నేర్చిన కుటుంబములు ఈ సీమలో నేటికిని పెక్కు గలవు.

ఆ నేలమీదనే పిమ్మట నూలు మిల్లులు వెలసెను. అగ్గిపెట్టెల పరిశ్రమ పెరిగెను. ప్రక్కనున్న శివకాశిలో బాణసంచా తయారయ్యెను. దూది పొడి, మందు పొడి, మండు టెండ, నీటి కొరత - ఈ నాలుగింటి నడుమ జీవించువారికి తమ శరీరమున రక్తము ఎట్లు శుద్ధి యగుచున్నదో తెలిసియుండుట కేవలము విజ్ఞాన వినోదము కాదు. అది ప్రాణరక్షణకు సంబంధించిన విషయము. కావున ఈ వ్యాసమున ఊపిరితిత్తులయందును, మూత్రపిండములయందును రక్తము ఏయే మార్పులు చెందునో మొదట వివరించి, పిదప ఆ జ్ఞానము మన సీమవారి కెట్లు ఉపయోగపడునో తెలిపెదను.

ఒక్క విషయము ముందుగా మనవి చేయవలెను. 'రక్తశుద్ధి' యని మనము ఏకవచనమున వాడుదుము గాని, ఆ శుద్ధి ఒక్కచోట జరుగునది కాదు, ఒక్క తీరున జరుగునదియు కాదు. వాయురూపమున పోగలిగినది ఊపిరితిత్తుల ద్వారమున పోవును. నీటిలో కరగి మాత్రమే పోగలిగినది మూత్రపిండముల ద్వారమున పోవును. ఇంటికి రెండు వాకిళ్లుండి, ఒక దానినుండి పోవలసినది రెండవ దానినుండి పోజాలకుండుట వంటి దిది. ఒక వాకిలి మూసికొనిపోయిన రెండవది కొంత సాయము చేయగలదే కాని దాని స్థానము నాక్రమింపజాలదు.

రక్తమున నేమేమి యున్నవి?

ఎదిగిన మనుష్యుని దేహమున సుమారు 5 లీటర్ల రక్త ముండును. దానిని గాజు గొట్టములో పోసి గడ్డకట్టనీయక నిలువ యుంచినచో రెండు భాగములుగా విడిపోవును. అడుగున నూటికి 45 పాళ్లు కణములు. పైన నూటికి 55 పాళ్లు పసుపుపచ్చని ద్రవము. ఈ ద్రవమునే ప్లాస్మా యందురు. ప్లాస్మాలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులును, ఒక గ్రామునకు కొంచెము తక్కువగా లవణములును, భోజనమునకు ముందు 70 మొదలు 100 మిల్లీగ్రాముల వరకు చక్కెరయు, 15 మొదలు 40 మిల్లీగ్రాముల వరకు యూరియాయు ఉండును. కణములలో అధికభాగము ఎర్రకణములు. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి సుమారు 50 లక్షలు. వీని ఎరుపునకు కారణము ఇనుముతో కూడిన హీమోగ్లోబిన్ అను పదార్థము.

ఈ రక్తము లోనికి ఏమి వచ్చి, ఏమి బయటికి పోవునో తెలియుటకు మన ఊరి వస్తువునే ఉదాహరణముగా తీసికొందము. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందున్న వస్తువులు రెండు: బెల్లము, వేరుసెనగ. బెల్లము జీర్ణమై చక్కెరగా రక్తమున చేరి, కణజాలములలో ఆమ్లజనితో కలిసి దహింపబడి, తుదకు నీరును బొగ్గుపులుసు వాయువును అగును. బొగ్గుపులుసు వాయువు శ్వాసతో వెలువడును. కావున బెల్లములోని కర్బనము మనలను విడిచిపోవునది ముక్కుద్వారముననే. వేరుసెనగలోని మాంసకృత్తులలో నత్రజని గలదు. అది దహింపబడి వాయువుగా పోవునది కాదు. మొదట అమోనియాగా వెలువడును. కాలేయము దానిని తక్కువ హానికరమగు యూరియాగా మార్చును. ఆ యూరియాను మూత్రపిండములు వెలికి పంపును. ఒకే మిఠాయి ముక్కలోని రెండు వస్తువులకును రెండు వేరువేరు వాకిళ్లు!

ఊపిరితిత్తులయందు

మన భాషలో 'ఊపిరితిత్తి' యను మాట అర్థవంతమైనది. కమ్మరి కొలిమికి గాలి నూదు తోలుసంచి తిత్తి. తమిళమున దీనిని 'నురైయీరల్' అందురు. 'నురై' యనగా నురుగు. తెలుగు మాట ఆ యవయవము చేయు పనిని తెలుపును. తమిళపు మాట దాని నిర్మాణమును తెలుపును. ఏలయన, ఊపిరితిత్తి లోపల బోలుగానుండు సంచి కాదు. నురుగులోని బుడగలవలె 30 కోట్లకు పైగా సూక్ష్మమైన వాయుకోశములు అందు గలవు. వాని గోడల నన్నిటిని విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్య మగును. ఆ గోడలను చుట్టి కేశనాళికలు అల్లుకొని యుండును. గాలికిని రక్తమునకును నడుమనున్న పొర మందము ఒక మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటెను తక్కువ.

దేహమంతయు తిరిగి వచ్చిన రక్తము హృదయపు కుడి భాగమునుండి పుపుస ధమని ద్వారా ఇచ్చటికి చేరును. ఇచ్చట చదువరులు ఒక విశేషమును గమనింపవలెను. ధమని యనగా ఎర్రని రక్తము, సిర యనగా నల్లని రక్తము అని సామాన్యముగా చెప్పుకొందుము. ఊపిరితిత్తుల విషయమున నిది తలక్రిందులు. పుపుస ధమనిలో నల్లని రక్తమును, పుపుస సిరలో ఎర్రని రక్తమును ప్రవహించును. హృదయమునుండి వెడలునది ధమని, హృదయమునకు వచ్చునది సిర. పేరునకు ఆధారము దిక్కే గాని రంగు కాదు.

వచ్చునప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తములో సుమారు 15 మిల్లీలీటర్ల ఆమ్లజని యుండును. పోవునప్పుడు 20 మిల్లీలీటర్లు. బొగ్గుపులుసు వాయువు వచ్చునప్పుడు సుమారు 52 మిల్లీలీటర్లు, పోవునప్పుడు 48. దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. నల్లని రక్తము ప్రాణవాయువు బొత్తిగా లేని రక్తము కాదు. నాలుగింట మూడు వంతులు దానియందింకను మిగిలియే యున్నది. అట్లే ఎర్రని రక్తము బొగ్గుపులుసు వాయువు లేని రక్తము కాదు. దానిలో అధికభాగము ఉండియే తీరవలెను. ఊపిరితిత్తులు చేయు పని దానిని నిర్మూలించుట కాదు, ఒక పరిమితిలో నిలుపుట.

ఈ మార్పిడికి వేరు యంత్ర మేదియు లేదు. మిట్టనుండి పల్లమునకు నీరు పారినట్లు, ఒత్తిడి ఎక్కువగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి వాయువు తనంతట ప్రవహించును. వాయుకోశములో ఆమ్లజని యొత్తిడి సుమారు 100 మిల్లీమీటర్లు. వచ్చు రక్తములో 40. కావున ఆమ్లజని రక్తమున చొచ్చును. బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి రక్తములో 46, వాయుకోశములో 40. కావున అది వెలుపలికి వచ్చును. విశ్రాంతిగా నున్నవానిలో రక్తము కేశనాళికలో నిలుచు కాలము ముప్పాతిక సెకను మాత్రమే. అందులో మొదటి మూడవ వంతులోనే పని ముగియును. మిగిలిన కాలము నిలువ ధనము వంటిది. బరువు మోయునప్పుడు, మెట్లెక్కునప్పుడు అది అక్కరకు వచ్చును. పొర మందమైన వానికి ఈ నిలువ తరిగిపోవును. కూర్చున్నప్పుడు సుఖముగా నుండి, నాలుగడుగులు వడిగా వేసినచో ఆయాసపడుటకు కారణ మిదియే.

రక్తమున చేరిన ఆమ్లజనిలో నూటికి 98 పాళ్లు హీమోగ్లోబిన్‌తో కూడియే పయనించును. బొగ్గుపులుసు వాయువు తీరు వేరు. నూటికి 70 పాళ్ల వరకు అది నీటితో కలిసి బైకార్బొనేటు రూపమున ప్లాస్మాలో కరగియుండును. మిగిలినదానిలో కొంత హీమోగ్లోబిన్ నంటియు, కొంత వాయువుగనే కరగియు ఉండును. కణజాలములలో బొగ్గుపులుసు వాయువు చేరినకొలది హీమోగ్లోబిన్ ఆమ్లజనిని సులభముగా వదలునని 1904లో క్రిస్టియన్ బోర్ ప్రభృతులును, ఊపిరితిత్తులలో ఆమ్లజని చేరినకొలది రక్తము బొగ్గుపులుసు వాయువును వదలునని 1914లో హాల్డేన్ ప్రభృతులును నిరూపించిరి. ఒకటి దిగిన పీటమీద నొకటి యెక్కుట వంటి ఈ యేర్పాటు లేనిచో ఇంత స్వల్పకాలమున ఇంత పని జరుగనేరదు.

మూత్రపిండములయందు

నడుమునకు పైగా, వెన్నెముక కిరుప్రక్కల నున్న మూత్రపిండములు ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల తూకము గలవి. దేహపు బరువులో ఇవి రెండును కలిసి నూటికి అర పాలు కూడ కాకున్నను, హృదయము వెలువరించు రక్తములో అయిదవ వంతు, అనగా నిమిషమునకు ఒక లీటరుకు పైగా, వీనికే పోవును. ఇంత రక్తము పోవుట వాని పోషణకొరకు కాదు. శుద్ధికొరకు మాత్రమే.

ఇటలీ దేశీయుడగు మాల్పీఘీ 1661లో కప్ప ఊపిరితిత్తులలో కేశనాళికలను సూక్ష్మదర్శినితో చూచెను. అతడే 1666లో మూత్రపిండములోని చిన్న గుండ్రని గుచ్ఛములను వర్ణించెను. ఆ గుచ్ఛము చుట్టునున్న గిన్నెయే మూత్రనాళికకు మొదలని 1842లో ఇంగ్లండులో బౌమన్ నిర్ణయించెను. ఇట్టి గుచ్ఛమును నాళికయు కలిసిన దానిని నెఫ్రాన్ అందురు. ఒక్కొక్క మూత్రపిండములో ఇవి సుమారు 10 లక్షలు.

ఇందు జరుగు పని యొక చిత్రమైన పద్ధతి. ఇల్లు శుభ్రము చేయదలచిన గృహిణి చెత్తను మాత్రమే యేరి పారవేయక, ఇంటిలోని సామాను నంతటిని వాకిట పెట్టి, కావలసినవానిని మరల లోనికి తెచ్చుకొని, మిగిలినదానిని పారవేసినట్లు మూత్రపిండము ప్రవర్తించును. గుచ్ఛమున రక్తకణములును, మాంసకృత్తులును తప్ప మిగిలినవన్నియు నీటితోపాటు వడియబడి నాళికలోనికి దిగును. ఇట్లు వడియబడునది నిమిషమునకు సుమారు 125 మిల్లీలీటర్లు. దినమునకు 180 లీటర్లు. దేహములోని ప్లాస్మా మొత్తము 3 లీటర్లే కదా! అనగా అదే ప్లాస్మా దినమునకు 60 మారులు వడపోయబడుచున్నది. ఆ 180 లీటర్లలో మూత్రముగా వెలువడునది సుమారు ఒకటిన్నర లీటరు మాత్రమే. తక్కినది నాళికలు తిరిగి గ్రహించును. ఒక కిలోగ్రామునకు పైగా ఉప్పు దినదినము వాకిటికి వచ్చి, కొన్ని గ్రాములు తప్ప తక్కినది మరల లోనికి పోవుచున్నది.

ఏ వస్తువునకు ఎట్టి మర్యాద జరుగునో చూడుడు. చక్కెర ఆరోగ్యవంతునిలో పూర్తిగా తిరిగి గ్రహింపబడును. రక్తములో అది 100 మిల్లీలీటర్లకు 180 మిల్లీగ్రాములు దాటినపుడు మాత్రమే నాళికల శక్తి చాలక మూత్రములో కనబడును. యూరియాలో సగము వరకు తిరిగి పోవును, సగము వెలువడును. క్రియాటినిన్ అను వ్యర్థపదార్థము ఇంచుమించు తిరిగి గ్రహింపబడదు. కావుననే 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో సుమారు 30 మిల్లీగ్రాములున్న యూరియా, అంతే మూత్రములో 2 గ్రాముల వరకు చిక్కబడును. ఇది 60 రెట్లకు మించిన మార్పు.

అయినను ఒక్కమారు మూత్రపిండమును దాటినంతనే రక్తము నిర్మల మగునని తలపరాదు. గుచ్ఛమును చేరిన ప్లాస్మాలో అయిదవ వంతు మాత్రమే వడియును. అందలి యూరియాలోను సగము తిరిగి వచ్చును. కావున మూత్రపిండ సిరలో యూరియా, ధమనిలోకంటె సుమారు పదవ వంతు మాత్రమే తక్కువ. మరల మరల తిరుగుటచేతనే శుద్ధి సిద్ధించుచున్నది. ఇంకొక వింత గలదు. మూత్రపిండము తనకు వచ్చిన రక్తములోని ఆమ్లజనిని స్వల్పముగా మాత్రమే వాడుకొనును. 100 మిల్లీలీటర్లకు ఇంచుమించు ఒకటిన్నర మిల్లీలీటరు. అందుచేత మూత్రపిండమునుండి వెడలు సిరలోని రక్తము తక్కిన సిరలలోని రక్తముకంటె ఎర్రగా నుండును.

ఈ సందర్భమున మన తెలుగువాని నొకనిని స్మరింపకుండ దాటిపోవుట ధర్మము కాదు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివిన యెల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును కొలుచుటకు రంగుపై ఆధారపడిన పద్ధతిని ప్రకటించెను. భాస్వరలవణమును వెలికి పంపుట మూత్రపిండముల పనులలో నొకటి. అవి చెడినపుడు రక్తములో నది పేరుకొని ఎముకలకు చేటు తెచ్చును. అట్టి మార్పును అంకెలలో చూపుటకు తోడ్పడిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పెక్కు దశాబ్దములు ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలో నుండెను.

రెండు వాకిళ్ల పొత్తు

రక్తము స్వల్పముగా క్షారగుణము కలది. దాని పి.హెచ్. అంకె 7.35 మొదలు 7.45 వరకు మాత్రమే యుండవలెను. ఆ ఇరుకు హద్దు దాటినచో హృదయము, మెదడు మొదలగు నవయవముల పని చెడును. అయినను మన ఆహారమును, శ్రమయును ప్రతిక్షణము ఆమ్లమును పుట్టించుచునే యున్నవి. ఊపిరితిత్తులు దినమునకు సుమారు 15,000 మిల్లీమోలుల బొగ్గుపులుసు వాయువును వెలువరించును. మూత్రపిండములు వెలువరించు ఆమ్లము 70 మిల్లీమోలుల ప్రాంతము. అంకెలను చూచి మూత్రపిండముల పని స్వల్ప మనుకొనరాదు. గంధకమునుండియు, భాస్వరమునుండియు పుట్టు ఆ 70 వంతుల ఆమ్లము వాయువు కాజాలదు. ఎంత దీర్ఘముగా ఊపిరి విడిచినను అది పోదు. దినదినము నిలిచిపోయినచో వారము పది దినములలోనే ప్రాణాపాయము కలుగును.

పనిలో వేగము కూడ వేరు. రక్తమున ఆమ్లము పెరిగినంతనే ఊపిరి వడిగా, లోతుగా సాగి నిమిషములలో కొంత సర్దును. మూత్రపిండములు అదే పనికి గంటలు, దినములు తీసికొనును గాని పూర్తిగా సర్దును. కావుననే మూత్రపిండములు చెడినవాడు కొన్నియెడల మూత్రబాధతో గాక ఆయాసముతో వైద్యునికడకు వచ్చును. చూచువారు దానిని ఉబ్బసమని భ్రమపడుట కలదు. రెండవ వాకిలి మూసికొనిపోగా మొదటి వాకిలి తన శక్తికి మించి పని చేయుటయే ఆ ఆయాసము.

ఈ పొత్తు ఇంతతో ముగియదు. రక్తమున ఆమ్లజని తగ్గినపుడు దానిని కనిపెట్టునది మూత్రపిండమే. అది ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును విడువగా, ఎముకల మజ్జ మరిన్ని ఎర్రకణములను తయారుచేయును. మూత్రపిండవ్యాధి ముదిరినవారు పాలిపోవుటకు ముఖ్యకారణ మీ హార్మోను తరుగుటయే. రక్తపోటును నిలుపు మరియొక హార్మోను మూత్రపిండములు విడుచు రెనిన్‌చే ప్రారంభమై, ఊపిరితిత్తుల కేశనాళికలలో తుదిరూపమును పొందును.

అగ్గిపుల్ల మందు

ఇక మన సీమ విషయమునకు వత్తము. అగ్గిపుల్ల తలకు పూయు మందులో ముఖ్యమైనది పొటాసియం క్లోరేటు. నిప్పునకు కావలసిన ఆమ్లజనిని అందించుట దాని పని. ఎర్ర భాస్వరము పెట్టె ప్రక్కన నుండును. పూర్వము వాడిన తెల్ల భాస్వరము కార్మికుల దవడ యెముకలను తినివేయుచుండుటచే 1913లో మనదేశమున దానితో చేసిన అగ్గిపుల్లలను చట్టముచే నిషేధించిరి. నేటి అగ్గిపుల్ల ఆ దోషము లేనిదే. ఒకటి రెండు పుల్లల తలలను పసివాడు నాకినంతనే ప్రాణము పోవునని భయపడ నక్కర లేదు. కాని మందు కలుపు చోట నుండు క్లోరేటు పొడి సంగతి వేరు. అది గ్రాముల లెక్కన కడుపులో పడినచో, ఈ వ్యాసమున వర్ణించిన రెండు వాకిళ్లను ఒకేమారు మూసివేయగలదు.

అది యెట్లనగా: నిప్పునకు ఆమ్లజని నిచ్చు ఈ పదార్థము రక్తములో చేరి హీమోగ్లోబిన్‌లోని ఇనుమును మార్పు చెందించును. అట్లు మారిన దానిని మెట్‌హీమోగ్లోబిన్ అందురు. ఇది ఆమ్లజనిని మోయలేదు. రక్తము కాఫీ గింజల రంగునకు తిరుగును; పెదవులు, గోళ్లు నీలిబారును. ఊపిరితిత్తులు చక్కగా పనిచేయుచునే యుండును, గాలి లోనికి పోవుచునే యుండును; కాని ఆమ్లజనిని అందుకొను పాత్ర యుండదు. పిమ్మట ఎర్రకణములు పగిలి, వానినుండి వెలువడిన పదార్థము మూత్రపిండముల నాళికలలో అడ్డుపడును. క్లోరేటు సైతము నాళికలను స్వయముగా దెబ్బతీయును. మూత్రము నల్లబడి, తగ్గి, ఆగిపోవును. క్లోరేటు దేహమును వీడుటకు ఉన్న త్రోవ మూత్రపిండమే; ఆ త్రోవనే అది చెరుపుచున్నది. మంటకు మేలైనది రక్తమునకు చేటగుట యిట్లు.

మరియొక చిక్కు కలదు. తక్కిన కారణములచే మెట్‌హీమోగ్లోబిన్ ఏర్పడినపుడు మిథిలీన్ బ్లూ అను మందు గుణమిచ్చును. ఆ మందు పనిచేయుటకు ఎర్రకణములలో ఒక ఎంజైము సాయపడవలెను. క్లోరేటు ఆ ఎంజైమునే చెరుపుటచే మందు తరచు పనిచేయదు. అట్టివారికి డయాలిసిస్, రక్తమార్పిడి మొదలగు చికిత్సలే గతి. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు కూడ ఇట్టి స్థితిలో నిజమును చెప్పదు. మెట్‌హీమోగ్లోబిన్ ఎక్కువైనకొలది అది 85 ప్రాంతముననే నిలిచిపోవును. కావున మందు పొడి మ్రింగినవానిని ఆసుపత్రికి కొనిపోవునపుడు 'అగ్గిపెట్టెల మందు కడుపులో పడినది' అని మొట్టమొదట చెప్పవలెను. ఆ యొక్క మాట వైద్యునికి గంటల కాలమును మిగుల్చును.

దూది పొడి, దప్పిక

నూలు మిల్లులలో వడకుటకు ముందు ప్రత్తిని విప్పి, ఏకు స్థలములలో దుమ్ము ఎక్కువ. ఏండ్ల తరబడి దానిని పీల్చినవారికి బిసినోసిస్ అను జబ్బు రావచ్చును. దీని తొలి లక్షణము విచిత్రమైనది: సెలవు గడచి పనికి వచ్చిన మొదటి దినముననే రొమ్ము బిగిసినట్లుండి, తరువాతి దినములలో తగ్గును. కార్మికులు దానిని సోమవారపు బద్ధకమని తేలికగా తీసికొందురు. ఆ దశలో దుమ్మునకు దూరమైనచో కోలుకొందురు. ఉపేక్షించినచో శ్వాసనాళములు శాశ్వతముగా కుంచించుకొనిపోవును. పొగత్రాగుట దీనికి తోడైనచో చేటు ఇనుమడించును.

దప్పిక విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. ఎంత నీరు త్రాగకున్నను, వ్యర్థపదార్థములను కరగించి పంపుటకు మూత్రపిండములకు దినమునకు అర లీటరు నీరైనను కావలెను. అంతకంటె చిక్కని మూత్రమును అవి చేయజాలవు. వేసవిలో చెమటగా లీటర్ల కొలది నీరు పోవు చోట తగినంత త్రాగనిచో మూత్రము చిక్కబడి రాళ్లు కట్టుట కవకాశ మేర్పడును. మూత్రపిండమునకు పోవు రక్తమే తగ్గును. మరుగుదొడ్డి సౌకర్యము సరిగా లేని పనిచోట్ల స్త్రీలు పగలంతయు నీరు త్రాగుట మానుకొనుట మన మెరుగని విషయము కాదు. సాయంకాలము ఒంటినొప్పులకు వైద్యుని సలహా లేక నొప్పిమాత్రలు మ్రింగుటయు కలదు. నీరు తక్కువైన దేహమున ఆ మాత్రలు మూత్రపిండమునకు పోవు రక్తమును ఇంకను తగ్గించును. ఈ రెండును కలియుట మిక్కిలి హానికరము.

ఆంధ్రదేశమున శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము ప్రాంతము మన కొక హెచ్చరిక. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము మొదలగు చోట్ల కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ జీవించు రైతులు, కూలీలు, చక్కెరవ్యాధియు రక్తపోటును లేకుండగనే మూత్రపిండములు చెడి, దశాబ్దములుగా బాధపడుచున్నారు. నీరు, ఎండ, పురుగుమందులు మొదలగువానిని పరిశోధకులు పరీక్షించిరి గాని ఏ ఒక్క కారణమును నిర్ధారణ కాలేదు. 2023లో పలాసలో ఈ వ్యాధికై పరిశోధన కేంద్రముతో కూడిన ఆసుపత్రి ప్రారంభమైనది. ఎండలో శ్రమించువారు ఇట్లే వ్యాధిగ్రస్తులగుట మధ్య అమెరికా చెరకు తోటలలోను కనబడినది. మన కరిసల్ సీమకు ఆ దుర్గతి కలిగినదని నేను చెప్పుట లేదు. ఎండయు శ్రమయు దప్పికయు ఒక్కచోట చేరిన సీమలలో మూత్రపిండములను గూర్చి ముందుగనే శ్రద్ధ వహింపవలెనని మాత్రమే నా మనవి.

ఉపసంహారము

ఈ రెండు అవయవములకును ఒక సామాన్య గుణము గలదు. రెండింటికిని నిలువ శక్తి యధికము. అందుచే రెండును మౌనముగా క్షీణించును. మూత్రపిండముల శక్తి ఇంచుమించు సగము నశించువరకు రక్తములోని క్రియాటినిన్ అంకె హద్దు దాటకుండుట సాధారణము. నొప్పి యుండదు, మూత్రము వచ్చుచునే యుండును. ఊపిరితిత్తుల విషయమును అంతే. బాధ తెలిసిన పిమ్మట మేల్కొనుట ఆలస్యముగా మేల్కొనుటయే.

కావున పొడిలో పనిచేయువారు చేతులు, ముఖము కడుగుకొనక అన్నము ముట్టరాదు. మందు పొడిని ఇంటికి తేరాదు, తినుబండారముల డబ్బాలలో నుంచరాదు. మిల్లు కార్మికులు ఏటేట శ్వాసశక్తిని పరీక్షింపించుకొనవలెను. ఎండలో పనిచేయువారు దప్పిక కొరకు వేచియుండక నీరు త్రాగవలెను. మూత్రము లేత పసుపు రంగున నుండుట చాలినంత నీటికి గురుతు. ఇదివరకే హృద్రోగము గాని మూత్రపిండవ్యాధి గాని యున్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. నలువది యేండ్లు దాటినవారు, చక్కెరవ్యాధియో రక్తపోటో కలవారు సంవత్సరమున కొకమారు రక్తములో క్రియాటినిన్‌ను, మూత్రములో మాంసకృత్తులను చూపించుకొనవలెను. పనిచోట త్రాగునీరును మరుగుదొడ్డియు కల్పించుట యజమానులు చేయు దయ కాదు. కార్మికుల రక్తశుద్ధికి అది మొదటి సాధనము.

మన పూర్వులు నీరు లేని ఈ నల్లనేలకు వచ్చి, బావులు త్రవ్వి, వాననీటిని చెరువులలో నిలిపి, చుక్కచుక్కను లెక్కించి బ్రతికిరి. మన దేహములోని మూత్రపిండము చేయుచున్నదియు అదే పని: దినమునకు 180 లీటర్లను చేతబట్టి, ఒకటిన్నర లీటరు మాత్రమే విడుచుచున్నది. ఇంత పొదుపుగా సంసారము నడుపు దానికి మనము చేయవలసిన సాయము మిక్కిలి స్వల్పము. మంచి గాలి, చాలినంత నీరు, కాలమునకు ఒక పరీక్ష. ఈ మూడింటిని మన ఇండ్లలోను, పనిచోట్లలోను అలవాటు చేసినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.